రీకాల్ అయిన చీజ్ గర్భిణి తినేసింది, ఇప్పుడేం చేయాలి? మన విడి పన్నీరు సంగతేంటి?

మీరు అడిగింది ఇదీ: న్యూజెర్సీలో ఉన్న మీ వదినకి ఐదో నెల. ఆవిడ తిన్న మెత్తటి చీజ్‌లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండొచ్చని కంపెనీ రీకాల్ ప్రకటించింది, అంటే అమ్మిన సరుకు వెనక్కి తీసుకుంటోంది. ఆవిడకి ఒంట్లో బాగానే ఉంది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఇక్కడ శ్రీకాకుళంలో మీరు కొనే పన్నీరుకీ ఆ భయం ఉందా అని.

నేను డాక్టర్ని కాదండీ. మాది విజయనగరం. మా అమ్మాయి పురిటికని టెక్సస్ వెళ్ళినప్పుడు మాకూ ఇదే అనుభవమైంది, అందుకే రాస్తున్నాను.

తిన్నంత మాత్రాన జబ్బు వచ్చేసినట్టు కాదు. మా అమ్మాయిని చూసే డాక్టరమ్మ కూడా ఇదే అంది. జ్వరం, ఒళ్లునొప్పులు లేకపోతే పరీక్షలూ మందులూ అక్కర్లేదు. కానీ రెండు నెలలు దాటేదాకా ఏ కాస్త జ్వరం తగిలినా మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే ఫోన్ చేసి, ఫలానా చీజ్ తిన్నానని చెప్పాలి. అప్పుడు రక్తం కల్చర్‌కి (అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి) పంపి, రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారట. ఈ బ్యాక్టీరియా ఒంట్లో చేరాక ఒక్కోసారి 70 రోజులకి గానీ బయటపడదు, అందుకే అన్నాళ్ల జాగ్రత్త. తల్లికి మామూలు జ్వరంలా వచ్చిపోయినా కడుపులో బిడ్డకి ప్రాణం మీదికి తెస్తుంది. 1985లో లాస్ ఏంజిలిస్‌లో మెక్సికన్ రకం మెత్తటి చీజ్ వల్ల 142 మంది జబ్బుపడి 48 మంది పోయారు. అందులో 30 మంది కడుపులోని బిడ్డలు, పసికందులే. 2024లో రీకాల్ అయిన క్వెసో ఫ్రెస్కో, కొటీహా చీజ్‌ల సంగతి ఇంకా విచిత్రం: 26 మందికి జబ్బు, ఇద్దరు మృతి, కానీ ఆ కేసులు 2014 నుంచీ అప్పుడొకటి ఇప్పుడొకటిగా వస్తూనే ఉన్నాయి.

మాకు స్టోరు నుంచి మెసేజ్ వచ్చేసరికి డబ్బా సగం ఖాళీ. మూత అంచున చిన్న అక్షరాల్లో కొట్టిన తేదీ, నంబరు అమ్మాయి ఫోన్ టార్చి వేసి చదివింది, మెసేజ్‌లో ఉన్నదే. ఈయన ఇక్కణ్ణుంచి ఫోన్‌లో "వాసన రాలేదు కదా, అంత డబ్బా పారేస్తారా" అంటారు. లిస్టీరియా ఉంటే వాసనా మారదు, రుచీ మారదు. మిగతా క్రిములు ఫ్రిజ్‌లో నెమ్మదిస్తాయి, ఇది ఆ చలిలోనూ పెరుగుతుంది. అందుకని చీజ్ పారేస్తే పని అయిపోదు. నంబరు ఫొటో తీసుకుని, డబ్బాని కవర్లో కట్టి చెత్తలో వేశాం. ఫ్రిజ్ అరలు ఊడదీసి సబ్బునీళ్లతో కడిగాం, ఆ చీజ్ కోసిన చాకు, బల్ల కూడా. స్టోరువాళ్లు ఫొటో చూసి డబ్బులు తిరిగిచ్చేశారు, అది వేరే సంగతి.

ఇక మన పన్నీరు. మరిగిన పాలు విరగ్గొట్టి చేస్తారు కాబట్టి తయారైన క్షణంలో దానికి భయం లేదు. తంటా అంతా ఆ తర్వాత, వడకట్టిన గుడ్డ దగ్గర, నానబెట్టిన నీళ్ల దగ్గర. మా ఊళ్లో ఒక షాపులో చూశాను: రంగు వెలిసిన బకెట్లో పన్నీరు దిమ్మలు తేలుతున్నాయి. అబ్బాయి నోట్లు లెక్కపెట్టి గల్లాలో వేసి, అదే చెయ్యి మణికట్టు దాకా ఆ నీళ్లలో ముంచి దిమ్మ తీసి కోశాడు. మన దేశంలోనూ 2017 నుంచి రీకాల్ నియమాలున్నాయి, కానీ ఏ బ్యాచ్‌నని వెనక్కి తెమ్మంటారు? ఆ బకెట్‌కి నంబరే లేదు. నన్నడిగితే అమెరికా చీజ్ కంటే నాకు దీనితోనే ఎక్కువ భయం.

ఇంట్లో గర్భిణులో పెద్దవాళ్లో ఉంటే విడి పన్నీరు మానేయండి. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఎఐ (ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ) నంబరు, బ్యాచ్, తేదీ ఉన్నాయో లేదో చూసి, షాపులో చల్లగా ఉన్న ఫ్రిజ్ లోంచే తీసుకోండి. పచ్చి ముక్కలు సలాడ్‌లో వద్దు. పల్లె నుంచి వచ్చిన జున్నుపాలకి ఈ బెంగ లేదు, ఎలాగూ ఆవిరి మీద బాగా ఉడికిస్తాం, వేడి మీదే తినేయడమే. కూరలో మాత్రం చాలామంది దించే ముందు పన్నీరు వేసి మూత పెట్టేస్తారు, పైన వేడి, లోపల చల్లదనం. నేను ముందే వేసి గ్రేవీతో పాటు తుకతుకా ఉడకనిస్తాను. ఒక ముక్క తుంపి చూస్తే లోపల్నుంచి కూడా పొగ రావాలి. రబ్బరులా అయిపోయిందని మా ఆయన గొణుగుతారు, గొణగనీ.