నాయనమ్మ పాట రికార్డు చేసే ముందు

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్ల "పెద్దనాయినా, మైకు తగిలించే యూఎస్‌బీ సౌండ్ కార్డు పెడితే లైటు వెలుగుతుంది గని చప్పుడే వస్తలేదు, ఈ లైనక్స్ తీసేసి మళ్ల విండోస్ ఎక్కిస్త" అన్నవు. ఆ పని మాత్రం చెయ్యకు. ఇది ఫోన్ల తెగే ముచ్చట కాదు, అందుకే కూసొని రాస్తున్న. ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకొని, ఒక్కొక్కటి చేసి చూసుకుంట చదువు.

సాగర్ ఎడమ కాల్వ నీళ్లు మన చివరి మడికి రాకపోతే మీ తాత ఏం చేసేటోడో నీకు యాదికుండకపోవచ్చు. పార భుజాన ఏసుకొని కాల్వ గట్టెంబడి నడిచేటోడు. ఎక్కడిదాక నీళ్లున్నయి, ఎక్కడ ఆగినయి, ఏ తూము మూసుకుంది, అదే చూసేటోడు. సౌండ్ గూడ అట్లనే తూములు దాటుకుంట వస్తది. కేబుల్, కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ, తగిలించిన సామాన్లతోని మాట్లాడేది), మిక్సర్ (సౌండ్ ఎక్కువ తక్కువ చేసేది), పైపువైర్ (ఏ సౌండ్ ఏ ప్రోగ్రాంకు పోవాలెనో పంచేది), ఆఖరికి నువ్వు రికార్డు చేసే ప్రోగ్రాం ఆడాసిటీ. ఎక్కడ ఆగిందో తెల్వకుండ అన్నీ ఒక్కసారే కదిలిస్తే, బాగయినా ఏం చేస్తే బాగయిందో తెల్వది, మళ్ల పాడయితే చేసేదేం ఉండదు. ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చినంక విను.

ముందుగాల కేబుల్. టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీ, తెరిచి ఎల్, ఎస్, యూ, ఎస్, బీ అని చిన్నక్షరాల్ల కలిపి కొట్టు, యూఎస్‌బీకి తగిలించినవాటి పేర్లొస్తయి. కార్డు పెట్టకముందు ఒకసారి, పెట్టినంక ఇంకోసారి. రెండోసారి ఒక లైను ఎక్కువ రావాలె. రాలేదంటే లైనక్స్‌ను అనేదేం లేదు, కేబుల్ మార్చు. ఫోన్ చార్జింగ్ కేబుళ్లల్ల కొన్నిట్ల కరెంటు తీగెలే ఉంటయి, డేటా తీగెలు ఉండయి. లైటు మంచిగనే వెలుగుతది, కంప్యూటర్‌కు మాత్రం అక్కడ కార్డున్న సంగతే తెల్వది. లైటు వెలుగుతుందని నువ్వు చెప్పంగనే నాకు మొదలు వచ్చిన అనుమానం ఇదే. కార్డుతోని డబ్బాల వచ్చిన కేబులే పెట్టు, హబ్ (ఒక పోర్టును కొన్ని చేసే పెట్టె) ఉంటే తీసేసి నేరుగ ల్యాప్‌టాప్‌కే పెట్టు. అయినా రాకపోతే ముందు సుడో (అడ్మిన్ అధికారం ఇచ్చే మాట) అని పెట్టి, ఖాళీ వదిలి డి, ఎం, ఇ, ఎస్, జి కలిపి కొట్టు, కెర్నల్ రాసుకున్న ముచ్చట్లొస్తయి, ఆఖరి లైన్లు చదువు. అండ్ల ఎర్రర్ మైనస్ 71 అని కనిపిస్తే కార్డుకు, కంప్యూటర్‌కు మాట కలుస్తలేదన్నట్టు. చాలమటుకు అది కేబుల్, పోర్టు, లేకపోతే కరెంటు చాలకపోవుడే.

లైను వచ్చిందా, అయితే కెర్నల్ సంగతి చూడు. ఏప్లే అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఎల్ కొడితే పాట వినిపించే కార్డుల పేర్లొస్తయి. ఏరికార్డ్ అని అట్లనే కొడితే రికార్డు చేసేటియి వస్తయి. నీ కార్డు పేరు రెండిట్ల ఉండాలె. యూఎస్‌బీ ఆడియోకు అందరికీ ఒక్కటే పద్ధతి ఉంది, ఆ పద్ధతిల చేసిన కార్డులకు కెర్నల్ల ఉన్న డ్రైవరే సరిపోతది. విండోస్ కోసమని ఇచ్చే డ్రైవర్ నీకు అక్కరలేదు, దానికోసం ఎతకకు. ఇంకోటి, కార్డు నంబర్‌ను నమ్ముకోకు. ఇయ్యాల 1 ఉన్నది రేపు ఆన్ చేసేసరికి 2 కావచ్చు. పేరే చూసుకో.

మిక్సర్‌కు ఆల్సామిక్సర్ అని కొట్టు. తెరవంగనే కనిపించేది నీ కార్డు కాకపోవచ్చు. ఎఫ్6 నొక్కి నీదాన్ని ఎంచుకో. గీతల కింద రెండు ఎమ్‌లు ఉంటే నోరు మూసినట్టు, ఎమ్ నొక్కితే తెరుచుకుంటది. ఎఫ్4 నొక్కితే మైకు వైపు పోతవు, అక్కడ స్పేస్ బార్ కొడితే రికార్డింగ్ ఆన్ అయితది. ఈ కార్డుకు కంట్రోల్సే లేవని వస్తే భయపడకు. అసొంటి పెట్టెలకు సౌండ్ ఎక్కువ తక్కువ అంత వాటి మీదున్న గుండీలతోనే.

ఇగ పైపువైర్. దీని కాడ జర నిమ్మలంగ ఉండు, ఎక్కువమంది తప్పిపోయేది ఈడనే. ఉబుంటు అనే లైనక్స్‌ల 22.10 నుంచి పైపువైరే నడుస్తుంది, అంతకుముందు ఆ పనికి పల్స్ ఆడియో ఉండె. నెట్ల దొరికే సలహాలు సగం ఆ పాత కాలానియి. అయి చూసి ఫైళ్లు మార్చకు. పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాం ఎక్కించుకో, పైపువైర్ మీద గూడ మంచిగ పనిచేస్తది. అండ్ల ఆఖరున కాన్ఫిగరేషన్ అని ఉంటది. నీ కార్డు ముంగట ఆఫ్ అని గని, అవుట్‌పుట్ ఒక్కటే అని గని ఉంటే మైకు ఎట్ల పలుకుతది? డూప్లెక్స్ (వినుడు, రికార్డు చేసుడు రెండూ) గని, ప్రో ఆడియో గని పెట్టు. అయినా మొండికేస్తే ఎనక నడిచే ప్రోగ్రాంలను ఆపి లేపే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌కు రెండు అడ్డగీతలు పెట్టి యూజర్ అని చేర్చి పైపువైర్, పైపువైర్-పల్స్, వైర్‌ప్లంబర్ మూడిట్నీ రీస్టార్ట్ చెయ్యి. దీనికి సుడో పెట్టకు, ఇవి నీ లాగిన్ కింద నడిచేటియి.

పావుకంట్రోల్‌లనే రికార్డింగ్ అని ఇంకో పేజీ ఉంది. ఆడాసిటీ రికార్డు చేస్తున్నప్పుడే అండ్ల పేరు కనిపిస్తది, ఏ మైకు నుంచి తీసుకుంటుందో పక్కన ఉంటది. దాన్ని చూడకుండ నేను చేసిన తప్పు నీకు చెప్పాలె.

మీ నాయనమ్మకు అక్క, నాకు పెద్దమ్మ, నువ్వు చిన్నప్పుడు చూసినవ్. అక్కచెల్లెండ్లిద్దరు బతుకమ్మ కాడ ఒకరు ఎత్తుకుంటే ఒకరు అందుకునేటోళ్లు. పెద్దమ్మ మంచం పట్టకముందు ఒక మాపటేళ రెండు గంటలు కూసోబెట్టి పాడిపిచ్చిన. మంచి మైకు, మంచి కార్డు, అన్నీ పెట్టిన. ఆడాసిటీల గీతలు లేస్తున్నయి గదా, వస్తుందనుకున్న. ఇంటికొచ్చి చెవులకు పెట్టుకొని వింటే ఫ్యాన్ చప్పుడు. గరగరమని ఫ్యాన్, దాని ఎనక ఎక్కడో పక్కింట్ల పాడుతున్నట్టు పెద్దమ్మ గొంతు. ల్యాప్‌టాప్‌ల ఉండే చిన్న మైకు నుంచి రికార్డయింది, ముంగట పెట్టిన మైకు నుంచి ఒక్క ముక్క రాలే. మళ్ల పోదామనుకునేసరికి ఆమె లేదు. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరుంది. ఫ్యాన్ చప్పుడు తగ్గించి చూసిన, గొంతు గూడ దాంతోని పోతుంది.

అందుకే చెప్తున్న. రికార్డు ఆన్ చేసినంక మైకు జాలిని గోటితోని మెల్లగ గీకు. తర్వాత ల్యాప్‌టాప్ కీబోర్డు పక్కన గీకు. గీత దేనికి ఎక్కువ లేస్తుందో అదే నీ మైకు. పది సెకండ్లు రికార్డు చేసి, ఆపి, హెడ్‌ఫోన్ల విను. గీతలు లేస్తున్నయని నమ్మకు, చెవులతోని విను.

నీ మైకు కండెన్సర్ అన్నవు. దానికి 48 వోల్టులు అందాలె, కార్డు మీద 48 అని గుండీ ఉంటది. ముందు గెయిన్ (మైకు సౌండ్ ఎంత పెంచాలెనో తిప్పే గుండీ) తగ్గించి అది నొక్కు, కొన్ని సెకండ్లు ఆగు. పాట ఒక్క చెవిలనే వినిపిస్తే ఖరాబేం కాలే. ఒక మైకు ఒక్క పక్కకే పోతది, ఆడాసిటీల మోనో, అంటే ఒక్కటే ట్రాకు, పెట్టుకో. చిటపట వస్తే ఆడాసిటీల ప్రాజెక్టు రేటు, అంటే సెకండుకు సౌండ్‌ను ఎన్నిసార్లు కొలుస్తదో ఆ లెక్క, 48000 పెట్టి చూడు. పైపువైర్ మామూలుగ నడిచేది దాని మీదనే.

గుయ్యిమని సన్నగ మోగుతుంటే అది లైనక్స్‌ది కాదు, మన ఊరి కరెంటుది. గోడకు మూడు పిన్నుల ప్లగ్గు ఉంటది గని ఎనక ఎర్తు తీగె ఉండదు. అది 50 హెర్ట్‌జ్ మోత. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడు, చాలమటుకు ఆగిపోతది. పొద్దుగాలనే బ్యాటరీ నింపి పెట్టుకో. ఫ్రిజ్ బంద్ చెయ్యి, ఫ్యాన్ ఎట్లయినా బంద్ చెయ్యి. బాయికాడ మోటర్ పెట్టే టైములో రికార్డింగ్ పెట్టుకోకు, స్టార్టర్ పడ్డప్పుడల్ల టప్పుమని పాటల పడతది.

గెయిన్ ఎంత పెట్టాలె అని అడిగినవ్. మీ నాయనమ్మ మెల్లగ ఎత్తుకుంటది, "ఉయ్యాలో" అన్నకాడ గొంతు ఒక్కసారే పైకి పోతది. ఆ ఉయ్యాలో అనిపిచ్చి, గీత మైనస్ 12 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉండేటట్టు గుండీ తిప్పు. గీత సున్నకు, అంటే ఆఖరి హద్దుకు, తగిలి పగిలిన గొంతును ఎవ్వరూ అతికించలేరు. తక్కువున్నదాన్ని తర్వాత పెంచుకోవచ్చు. రికార్డు నొక్కంగనే పాడుమనకు, రెండు మూడు సెకండ్లు ఆగు. ఊకున్న కార్డును పైపువైర్ నిద్రపుచ్చుతది, లేచేసరికి కొన్ని కార్డుల్ల మొదటి అక్షరం మింగుడు పడతది.

ఆమెను ఎక్కువసేపు కూసోబెట్టకు, నడుము నొప్పి. వైర్లన్నీ ముందే చూసుకొని, అంత అయినంకనే పిలువు. ముందు చాయ్ తాగనియ్యి. పాట మధ్యల మర్చిపోతే మాట అందియ్యకు, ఆమెనే యాది చేసుకుంటది. ఆపకు, రికార్డు నడవనియ్యి.

పెద్దమ్మ ఎత్తుకునే పాటలు కొన్ని మా అమ్మకు, అదే మీ నాయనమ్మకు గూడ వచ్చు. సగం వచ్చినా సరే పాడమను.

ముందు నువ్వే పాడి పది సెకండ్ల ఫైలు నాకు వాట్సాప్ చెయ్యి. డాక్యుమెంటుగ పంపు, ఆడియోగ పంపితే అది నొక్కి చిన్నగ చెయ్యొచ్చు, నాకేం తెల్వది. విని రాత్రికే చెప్త.

మీ పెద్దనాయిన
నల్లగొండ