రెండో ఏడాది వైడ్ రిసీవర్‌ను అమ్మేయాలా?

ఫాంటసీ అమెరికన్ ఫుట్‌బాల్ (అసలు ఆటగాళ్ల గణాంకాలతో పాయింట్లు వచ్చే ఆట) ఆడుతున్నారా? తొలి సీజన్లో 4 టచ్‌డౌన్లే (బంతిని గోల్ గీత దాటించి చేసే స్కోర్లు) వచ్చాయని మీ వైడ్ రిసీవర్‌ను, అంటే పాస్‌లు పట్టే కుర్రాణ్ణి, అప్పుడే అమ్మేయకండి. టచ్‌డౌన్లు ఏటా ఎగుడుదిగుడే, ముందు టార్గెట్లు, అంటే అతని వైపు ఎన్ని పాస్‌లు విసిరారో చూడండి.

సియాటిల్ జట్టు రిసీవర్ జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బానే తీసుకోండి. 2023లో 63 క్యాచ్‌లు, 628 గజాలు, 4 టచ్‌డౌన్లు. క్యాచ్‌కి 1 పాయింటిచ్చే ఫాంటసీ లీగ్‌లో 149.8 పాయింట్లు. సీనియర్ రిసీవర్లు మెట్‌కాఫ్, లాకెట్ వెనక మూడోవాడు మరి! 2024లో లాకెట్ వాటా తగ్గింది. ఇతనికి 100 క్యాచ్‌లు, 1,130 గజాలు, 6 టచ్‌డౌన్లు, అంటే 249. పెరిగిన 99 పాయింట్లలో టచ్‌డౌన్లవి 12 మాత్రమే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం బంతి ఎక్కువసార్లు రావడం వల్లే.

మీవాడి ముందున్న సీనియర్ల వయసు, కాంట్రాక్టు ఎప్పటితో ముగుస్తుందో చూడండి. గాయమేమీ లేకపోయినా జట్టు పాస్ విసిరే సందర్భాల్లో సగానికి కూడా మైదానంలో లేడంటే మాత్రం, పేరుకు ధర పలుకుతుండగానే ఇచ్చేయండి.