కన్జర్వేషన్ సైంటిస్ట్ జాబ్ చేద్దామనుకుంటున్నారా, జీతం కంటే ముందు వీసా చూస్కోండి

బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో ఏజీ బీఎస్సీ చేసి ఇక్కడికి, అంటే అమెరికాకి, ఎంఎస్‌కొచ్చే పిల్లలు ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది "అన్నా, కన్జర్వేషన్ సైంటిస్ట్‌కి ఎంతిస్తారు?" అనే. అంటే నేల, నీళ్లు పాడవకుండా చూసే ఉద్యోగం. చెప్తా, దాచేదేముంది. అమెరికా మొత్తమ్మీద నడిమధ్య జీతం ఏడాదికి 68 వేల డాలర్ల చుట్టుపక్కల. రూమ్మేట్ సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే మాత్రం నిద్ర పట్టదు, ఆ పని పెట్టుకోకండి.

అదీ మొదటిరోజే చేతిలో పెట్టరు. ఫెడరల్ గవర్నమెంట్‌లో ఉత్త డిగ్రీకి జీఎస్-5, ఎంఎస్ ఉంటే జీఎస్-9 అనే జీతం గ్రేడ్. 2024 స్కేల్‌లో పెద్ద సిటీలు కాని చోట్ల జీఎస్-5 మొదలు ఏడాదికి 39,576 డాలర్లు, జీఎస్-9 మొదలు 59,966. సాయిల్ కన్జర్వేషనిస్ట్ (నేల సంరక్షణ చూసే) పోస్టుకి అగ్రికల్చర్ లేదా నేచురల్ రిసోర్సెస్‌లో 30 క్రెడిట్లు, అందులో నేలలూ పంటలూ కలిపి 12 ఉండాలి, మన ఏజీ బీఎస్సీ వాళ్లకి ఇది లెక్కే కాదు, కాకపోతే మన మార్క్స్ లిస్టులు ఇక్కడ ఇవాల్యుయేట్ చేయించుకోవాలి.

అసలు చిక్కు సిటిజన్‌షిప్. నేను ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీదున్నప్పుడు ఫెడరల్ ఉద్యోగాల వెబ్‌సైట్ యూఎస్ఏజాబ్స్ తెరిచి రాత్రంతా కూర్చుని వరసపెట్టి అప్లై చేశా, ప్రతి నోటిఫికేషన్‌లోనూ సిటిజన్ అయ్యుండాలని రాసే ఉంది, చదివితే కదా! ఈ పోస్టులకి గ్రీన్ కార్డున్నా చాలావరకు కుదరదు. పైగా 2025 మొదట్లో ఫెడరల్‌లో ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లని ఎలా పంపించేశారో చూశాం కాబట్టి సిటిజన్లకైనా అది ఒకప్పటి సర్కారు కొలువంత ధీమా కాదిప్పుడు.

అందుకే నా మాట, యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (రైతులకి సలహాలిచ్చే విభాగం), రీసెర్చ్ పోస్టులు పట్టండి. వాటికి హెచ్1బి (ఉద్యోగం వీసా) లాటరీ గొడవ లేదు, జీతం ఓ మెట్టు తక్కువైనా ఏటా మార్చిలో గుండె దడ ఉండదు. అడ్మిషన్ తీసుకునేటప్పుడే ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా కాగితం) మీద కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) లిస్టులో ఉందో లేదో చూస్కోండి, ఉంటే ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసే పర్మిషన్) 12 నెలలకి ఇంకో 24 కలుస్తాయి, లేకపోతే ఏడాదికే మూటాముల్లె సర్దుకోవాలి. జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల పని) బాగా నేర్చుకోండి. డ్రైవింగ్ కూడా, పల్లెల్లో బస్సులుండవు.

పని మాత్రం బావుంటుంది. నేనుండేది అయోవాలో, నేల మన నల్లరేగడి లాగే నల్లగా ఉంటుంది. మొన్నొక ముసలి రైతు దగ్గరికెళ్లి ఆయన దున్నిన చేలోంచి ఒక మట్టిబెడ్డ, కంచె అవతల దున్నకుండా కవర్ క్రాప్ (నేలని కప్పి కాపాడే పైరు) వేసిన పక్కాయన చేలోంచి ఒకటి తీసి రెండు గాజు సీసాల నీళ్లలో వేలాడదీశా. ఆయనది రెండు నిమిషాల్లో విడిపోయి నీళ్లన్నీ బురదయ్యాయి, పక్కాయనది చెక్కుచెదరలా. నేను నోరెత్తలేదు. ఆయనే సీసా అటూ ఇటూ తిప్పి చూసి, కవర్ క్రాప్ విత్తనం ఎకరానికి ఎంత పడుద్దని అడిగాడు.