ఒక పక్క ముక్కే మూసుకుపోతుంటే

అమ్మాయ్,

నిన్న ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. బాబుకి 14 ఏళ్లు, నెలలో మూడుసార్లు ముక్కులోంచి రక్తం, అదీ ఎడమ పక్క నుంచే. "వేడి చేసింది పెద్దమ్మా, సబ్జా నీళ్లు తాగిస్తున్నాను" అన్నావు. మా పెద్దవాడికి నేనూ ఆరు నెలలు అలాగే మజ్జిగ, బార్లీ తాగించాను. తలగడ గలీబు మీద మరకలు ఉతుక్కుంటూ కూర్చున్నాను.

ఒక పని చెయ్యి. చల్లటి స్టీలు గ్లాసు వాడి ముక్కు కింద పెట్టి, నోరు మూసుకుని ఊపిరి వదలమను. రెండు మచ్చలుగా ఆవిరి పట్టాలి. మావాడికి ఎప్పుడు చూసినా ఒకటే మచ్చ. నోరు తెరిచి నిద్రపోవడం, అదే పక్క చెవి సరిగ్గా వినపడకపోవడం, బుగ్గ ఉబ్బడం, కన్ను ముందుకు పొడుచుకు రావడం ఉన్నాయేమో కూడా చూడు.

పిల్లలకి ముక్కులో రక్తం చాలావరకు గిల్లుకోవడం వల్లే వస్తుంది. కానీ ఎదిగే మగపిల్లాడికి ఒక పక్కే బిగుసుకుపోయి, ఆ పక్కే మళ్లీమళ్లీ రక్తం వస్తుంటే ఆంజియోఫైబ్రోమా అనే గడ్డ ఉందేమో చూపించాలి. తల, మెడల్లో వచ్చే గడ్డల్లో అది నూటికి ఒకటి కూడా ఉండదు. క్యాన్సర్ కాదు. కాకపోతే ముక్కు వెనక పుట్టి, పక్కనున్న ఎముకని తోసుకుంటూ కంటి వైపు, మెదడు వైపు పాకుతుంది. నిండా రక్తనాళాలే. వాటి గోడల్లో కండ సరిగ్గా ఉండదు కాబట్టి, తెగితే ముడుచుకోవు.

అందుకే చేతులు జోడించి చెబుతున్నాను, స్కాన్ తీయకుండా ఎవరినీ ముక్క కొయ్యనివ్వకు. మావాడిది మామూలు కండ అనుకుని ఒక డాక్టరు కుర్చీలోనే పరీక్షకి ముక్క తీయబోయారు. చేతిలో పట్టుకున్న బేసిన్ నా కళ్లముందే నిండింది. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించి, మందు ఎక్కించి తీసే సీటీ, ఎమ్మారై చేయించాలి. మామూలుగా వాటిలోనే తేలిపోతుంది. గడ్డ ఉందంటే, ఆపరేషన్‌కి ఒకటి నుంచి మూడు రోజుల ముందు తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకి రక్తం మోసే నాళాలు మూసేస్తారు. దాన్ని ఎంబొలైజేషన్ అంటారు. దానివల్ల ఆపరేషన్‌లో రక్తం బాగా తక్కువ పోతుంది. ఆ తరవాత చాలామందికి ముక్కులోంచే దుర్బీను పెట్టి తీసేస్తారు, ముఖం మీద గాటు పడదు. ఈ రెండూ మీ దగ్గర చేస్తారా అని చేర్చకముందే అడుగు. లేదంటే విశాఖ వెళ్దాం. వైద్య సేవ కార్డు పట్టుకెళ్లి ఆరోగ్యమిత్రని కలువు. రక్తం ఇచ్చేవాళ్లని ముందే చూసుకో.

తీసేశాక కూడా మళ్లీ మొలిచే గుణం ఉంది దానికి. డాక్టరు రమ్మన్నప్పుడల్లా స్కాన్‌కి తీసుకెళ్లాలి. బాగానే ఉన్నాడు కదా అని మానేయకు.

ఈలోపు రక్తం వస్తే తల వెనక్కి వాల్చకు, గొంతులోకి పోతుంది. ముందుకు వంచి కూర్చోబెట్టి, ముక్కు మెత్తటి భాగం 10, 15 నిమిషాలు వదలకుండా నొక్కిపట్టు. నోటితో ఊపిరి తీసుకోమను. అప్పటికీ ఆగకపోతే ఎంత రాత్రైనా ఆసుపత్రికే. తలనొప్పి అంటే ఆస్పిరిన్, బ్రూఫెన్ వెయ్యకు.

సోమవారం నరసన్నపేటలో మొదటి బస్సు ఎక్కండి. శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర నేనుంటాను. పాత చీటీలన్నీ తెచ్చుకో.

మీ పెద్దమ్మ