క్లాసులో రిజర్వేషన్ల మీద వాదన వేడెక్కితే లెక్చరర్ టాపిక్ మార్చేయాలా?

అక్కర్లేదు, వాదనను కాసేపు ఆపాలి గానీ విషయాన్ని వదిలేయకూడదు. ఎవరో నోరు జారగానే "సరే, నెక్స్ట్ చాప్టర్" అంటే, ఆ మాట తగిలిన విద్యార్థికి సారు కూడా అదే అనుకుంటున్నారనిపిస్తుంది. గొడవా ఆగదు, క్యాంటీన్‌కో వాట్సాప్ గ్రూపుకో మారుతుంది.

డిగ్రీ పొలిటికల్ సైన్స్‌లో ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను ఆ కులాల మధ్య వాటాలుగా పంచడం గురించిన పాఠం అనుకుందాం. 2004లో ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసిన సుప్రీంకోర్టే, 2024 ఆగస్టు 1న 6-1 మెజారిటీతో రాష్ట్రాలు వర్గీకరణ చేయవచ్చని చెప్పింది. ఇంతలో వెనక బెంచీ నుంచి "మీకన్నీ ఫ్రీగానే వస్తాయిలే" అని ఒక గొంతు. క్లాసంతా నిశ్శబ్దం. లెక్చరర్ గొంతు పెంచకుండా "ఆ మాట వద్దు, మనం మాట్లాడేది తీర్పు గురించి" అని చెప్పి, ఏడుగురు జడ్జీల్లో ఒకరు ఎందుకు విభేదించి ఉంటారో రెండు నిమిషాలు నోట్‌బుక్‌లో రాయమనాలి. రాస్తున్నంతసేపు ఎవరూ అరవరు, ఎప్పుడూ మాట్లాడని వాళ్ల అభిప్రాయమూ బయటికొస్తుంది. ఆ మాట అన్న కుర్రాడితో క్లాసయ్యాక విడిగా మాట్లాడాలి. అందరి ముందు కడిగేస్తే వాడే హీరో అవుతాడు. ఆ వర్గం విద్యార్థిని లేపి "నువ్వేమంటావు?" అనడం మాత్రం అస్సలు వద్దు.

నోరు మెదపకపోవడమే తటస్థత అని చాలామంది అనుకుంటారు. తీర్పు విషయంలో పక్షం తీసుకోకపోతే అది తటస్థత. అవమానాన్ని వినీ విననట్టు వదిలేస్తే కాదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థిని కులం పేరుతో నలుగురిలో తిడితే వ్యవహారం 1989 నాటి అట్రాసిటీ చట్టం దాకా వెళ్తుంది.