సింగరేణి బొగ్గు నుంచి ద్రవ ఇంధనం వస్తుందా?

ఏ బొగ్గునైనా ఒకే తీరుగా ద్రవ ఇంధనంగా మార్చవచ్చా, సింగరేణి బొగ్గు అందుకు పనికివస్తుందా అని అడిగారు. పరిశోధక విద్యార్థిగా రెండేళ్లు ఆటోక్లేవ్ (అధిక ఒత్తిడిలో వేడిచేసే మూసిన పాత్ర) దగ్గర గడిపిన అనుభవంతో చెబుతున్నాను: పనికివస్తుంది, అయితే నేరుగా హైడ్రోజన్ చేర్చి కరిగించే బెర్గియస్ తరహా పద్ధతికి అది అనువైన సరుకు కాదు.

అస్సాంలోని మాకుం బొగ్గునూ సింగరేణి బొగ్గునూ ఒకే మెత్తదనానికి పొడిచేసి, టెట్రాలిన్ అనే హైడ్రోజన్‌ను అందించే ద్రావణిలో కలిపి, హైడ్రోజన్ ఒత్తిడిలో 420 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసేవాళ్లం. మాకుం బొగ్గు చిక్కని నల్లటి ద్రవంగా మారి, వడపోత కాగితం మీద కాస్త మడ్డి మాత్రమే మిగిల్చేది. సింగరేణి బొగ్గు వడపోతకే పూటంతా పట్టేది, కాగితం మీద మందంగా పొడి పేరుకునేది. ఆ పొడిని మైక్రోస్కోప్ కింద పెడితే, తెల్లగా మెరిసే ఇనర్టినైట్ (బొగ్గులో సులువుగా కరగని భాగం) రేణువుల్లో ఏనాటిదో చెట్టు కణాల గోడలు చెక్కుచెదరకుండా కనిపించడం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్లుంది. బొగ్గులోని ఇలాంటి భాగాలను మాసెరల్స్ అంటారు; వాటిలో కరిగేవి ప్రధానంగా విట్రినైట్, లిప్టినైట్. సింగరేణి వంటి మన గోండ్వానా (ప్రాచీన దక్షిణ మహాఖండం నాటి) బొగ్గులో ఇనర్టినైట్ పాలు ఎక్కువ, బూడిద కూడా ఎక్కువే. పైగా అస్సాం బొగ్గులోని పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం), ఆ వేడిలో పైరోటైట్ అనే మరో ఇనుము సల్ఫైడ్‌గా మారి, ఉత్ప్రేరకంగా కూడా తోడ్పడుతుంది.

పూర్తిగా ముదరని గోధుమ రంగు బొగ్గైన లిగ్నైట్ సంగతి వేరు. అది సులువుగానే విచ్ఛిన్నమవుతుంది, జర్మనీలోని లాయినాలో 1927లో మొదలైన కర్మాగారం నడిచిందీ దానితోనే. కానీ అందులో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి, ఖరీదైన హైడ్రోజన్‌లో కొంత నీరుగా మారిపోతుంది. ఒకసారి నైవేలి లిగ్నైట్ పొడిని పది రోజులు తెరిచిన ట్రేలో వదిలేశాను. గాలికి ఆక్సీకరణం చెందిన ఆ నమూనా మునుపటి అంత ద్రవాన్ని ఇవ్వలేదు, ఆ వారం పనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. ఇక బాగా ముదిరిన గట్టి బొగ్గైన ఆంథ్రసైట్ దాదాపు కరగదు.

సింగరేణి బొగ్గును ముందుగా వాయువుగా మార్చి, ఫిషర్-ట్రాప్ష్ చర్యతో ద్రవం చేయడమే మేలని నా అభిప్రాయం. దక్షిణాఫ్రికాలో సాసోల్ సంస్థ 1955 నుంచి అలాంటి గోండ్వానా బొగ్గుతోనే ఇంధనం తీసింది. వాయువుగా మార్చేటప్పుడు అణువులన్నీ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లుగా విడిపోతాయి కనుక ఇనర్టినైట్ అంత అడ్డుకాదు. బూడిద ఎంత వేడికి కరుగుతుంది, బొగ్గు ముద్దకడుతుందా అన్నవే ముఖ్యం. మీ నమూనాకు బూడిద, తేమ లెక్కలతో పాటు మాసెరల్ విశ్లేషణ, బూడిద ద్రవీభవన ఉష్ణోగ్రత కూడా చేయించండి.