పొద్దుటి గిన్నెలో ఎన్ని చెంచాల చక్కెర?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. బడి బస్సు 7.15కే వస్తుంది. పొద్దున పాలలో చాక్లెట్ ఫ్లేక్స్ ఒక గిన్నె తింటాడు, తర్వాత గ్లాసు పాలలో రెండు చెంచాల మాల్ట్ పొడి, ఒక చెంచా చక్కెర వేసి ఇస్తాను. ఇంకేం పెట్టినా ముట్టడు. ప్యాకెట్ మీద ఐరన్, విటమిన్లు అని రాసి ఉంది. కానీ పది గంటలకల్లా ఆకలంటున్నాడని, క్లాసులో నిద్రమొహం వేస్తున్నాడని టీచర్ చెప్పింది. ఈ టిఫిన్ మంచిదేనా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మంచిది కాదమ్మా. ముందు లెక్క చూడండి. చాక్లెట్ ఫ్లేక్స్‌లో చాలావాటికి వంద గ్రాములకు 25 నుంచి 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్యాకెట్ వెనక ఒక సర్వింగ్ అంటే 30 గ్రాములని రాస్తారు. గిన్నె నిండా పోస్తే 50 గ్రాములు అవలీలగా పడతాయి. ఇంట్లో చిన్న త్రాసు ఉంటే ఒక్కసారి తూచండి, మీకే తెలుస్తుంది. ఆ గిన్నెలో సుమారు 15 గ్రాముల చక్కెర. మాల్ట్ పొడి రెండు చెంచాలు 20 గ్రాములు అనుకుంటే, మూడో వంతు చక్కెరే కాబట్టి ఇంకో ఆరేడు గ్రాములు. పైన మీరు వేసే చెంచా 5 గ్రాములు. మొత్తం 26, 27 గ్రాములు. అంటే ఐదు చెంచాల పైమాటే. పాలలో సహజంగా ఉండే తీపిని ఇందులో కలపలేదు, దానితో ఇబ్బంది లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది ఏమిటంటే, బయటి నుంచి కలిపే చక్కెర (తేనె, పళ్లరసంలోని తీపి కూడా ఇందులోకే వస్తాయి) రోజు మొత్తం తీసుకునే కేలరీల్లో 10 శాతానికి మించకూడదు, 5 శాతం లోపుంటే ఇంకా మేలు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి రోజుకు 1700 కేలరీలు అనుకుంటే 5 శాతం అంటే 21 గ్రాములు. మీ బాబు బస్సెక్కకముందే అది దాటేస్తున్నాడు.

ప్యాకెట్ మీద చెప్పిన ఐరన్, విటమిన్లు అబద్ధం కాదు, తయారీలో కలుపుతారు. కానీ మెత్తగా పిండి చేసి ఉడికించిన ధాన్యం, పైన చక్కెర, పీచు తక్కువ, మాంసకృత్తులు తక్కువ. ఇవి త్వరగా అరిగి రక్తంలో గ్లూకోజ్‌ను చకచకా పెంచుతాయి, అంతే త్వరగా అది దిగుతుంది. పదింటి ఆకలికి ముఖ్య కారణం ఇదే కావచ్చు. నిద్రమొహం అన్నారు కాబట్టి రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో కూడా చూడండి. ముఖం పాలిపోయినట్టుంటే డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

ప్యాకెట్ కొనేముందు దాన్ని వెనక్కి తిప్పండి. 'ఒక సర్వింగ్‌కు' అన్న వరుస వదిలేసి 'వంద గ్రాములకు' అన్న వరుస చదవండి. అందులో 'యాడెడ్ షుగర్స్' అంకె చూడండి. పక్కన రోజువారీ అవసరంలో ఇంత శాతం అని ఉంటుంది. అది 2000 కేలరీల పెద్దవాళ్లకు, 50 గ్రాముల చక్కెర హద్దు పెట్టుకుని వేసిన లెక్క. పిల్లవాడికి ఆ శాతం సరిపోదు. తర్వాత పదార్థాల జాబితా. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది చివర రాయాలన్నది నియమం. మొదటి మూడింట్లో చక్కెర ఉంటే ఆ ప్యాకెట్ అల్మరాలోనే వదిలేయండి. ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్ ఇవన్నీ చక్కెర వేషాలే. పిండిపదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ మాత్రం చక్కెర అంకెలో కనిపించకపోవచ్చు, రక్తంలోకి మాత్రం చక్కెరలాగే వేగంగా చేరుతుంది.

మీరు పాలలో కలిపే మాల్ట్ పొడి లాంటివాటిని 'హెల్త్ డ్రింక్స్' విభాగంలో పెట్టవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదు.

మార్చడం ఎలాగంటే, ఒక్కరోజులో ఆపకండి. ఆపితే పిల్లవాడు ఏమీ తినకుండా బస్సెక్కుతాడు, మూడో రోజుకు మీరే మళ్లీ ప్యాకెట్ విప్పుతారు. మొదటి వారం గిన్నెలో ముప్పావు వంతు చాక్లెట్ ఫ్లేక్స్, పావు వంతు చక్కెర లేని అటుకులో సాదా ఫ్లేక్సో కలపండి. రెండో వారం సగం సగం. మూడో వారం చాక్లెట్‌వి ఒక చెంచా పైపైన చల్లితే చాలు. అదే సమయంలో పాలలో విడిగా వేసే చక్కెర తీసేసి, మాల్ట్ పొడిని చెంచా మీద గోపురంలా కాకుండా అంచుకు సమంగా గీసి వేయండి. తర్వాత ఒక చెంచాకు, తర్వాత అర చెంచాకు దించండి. చక్కెర బదులు తేనె వేస్తే ఏం మారదు, నాలుక అదే తీపికి అలవాటు పడి ఉంటుంది.

వారానికి మూడు రోజులైనా పెసరట్టు పెట్టండి. ఒక కప్పు, అంటే సుమారు 200 గ్రాముల పెసలు పొద్దున నానబెట్టి, రాత్రి రెండు చెంచాల బియ్యం, అల్లం ముక్క, జీలకర్ర వేసి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేయండి. బియ్యాన్ని కూడా పెసలతోనే నానెయ్యండి. ఈ పిండిని పులియబెట్టనక్కర్లేదు, బయట వదిలేస్తే పుల్లటి వాసన వచ్చి పిల్లలు తినరు. రెండు రోజులు వాడుకోవచ్చు. ఎనిమిది అట్లొస్తాయి. రెండు అట్లలో 12 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. పెనం మరీ కాలితే పిండి గరిటెకు చుట్టుకుని విస్తరించదు. అప్పుడు కాసిన్ని నీళ్లు చిలకరించి, గుడ్డతో తుడిచి, మంట తగ్గించి వేయండి. పిండి మరీ పల్చనైతే అట్టు పెనానికి అంటుకుంటుంది, ఇడ్లీ పిండికన్నా కొంచెం జారుగా ఉంటే సరిపోతుంది. చుట్టి చేతిలో పెడితే బస్సు దాకా నడుస్తూ కూడా తినేస్తాడు.

ప్రశ్న: నాకు షుగరు వచ్చి పదేళ్లు. పంచదార మానేసి ఏడాదిగా రోజూ రాగిజావలో బెల్లం వేసుకుని తాగుతున్నాను. పరగడుపున 118 ఉంటోంది కానీ టిఫిన్ తర్వాత 240 దాటుతోంది. రాగులు మంచివంటారు కదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: రాగులు మంచివే మాస్టారూ. వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, మంచి పీచు ఉంటాయి. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. మొదటిది బెల్లం. అందులో ఉన్నదీ ఎక్కువగా పంచదారలోని సుక్రోజే, చెంచా బెల్లంలోని ఇనుము లెక్కలోకి రానంత తక్కువ. రెండోది జావ రూపం. మెత్తటి పిండిని పల్చగా ఉడికిస్తే పిండిపదార్థం నీటిని పీల్చుకుని విచ్చుకుంటుంది, నమిలే పని లేకుండా త్వరగా అరుగుతుంది. అదే రాగిపిండితో చేసిన రొట్టె ఇంకొంచెం నిదానంగా అరుగుతుంది.

జావే కావాలంటే రెండు సమతల పెద్ద చెంచాలు (టేబుల్ స్పూన్లు), సుమారు 20 గ్రాముల పిండికి మించకండి. పిండిని వేడి నీళ్లలో వేస్తే పైపొర ఉడికిపోయి లోపల పచ్చిగా ఉండలు కడుతుంది. ముందుగా అర కప్పు చల్లటి నీళ్లలో కలిపి, మరుగుతున్న గ్లాసు నీళ్లలో పోస్తూ తిప్పండి. ఐదారు నిమిషాలు సన్నటి మంట మీద ఉడకనివ్వండి, పచ్చివాసన పోవాలి. గోరువెచ్చగా చల్లారాక పల్చటి మజ్జిగ, తరిగిన ఉల్లిపాయ, జీలకర్ర పొడి, కొంచెం ఉప్పు. వేడిలోనే మజ్జిగ పోస్తే విరిగిపోతుంది. జావకు ముందు ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు పెసర మొలకలో తినండి. తర్వాత రక్తంలో పెరుగుదల నెమ్మదిస్తుంది.

టిఫిన్ మొదటి ముద్ద తిన్న సమయం నుంచి సరిగ్గా రెండు గంటలకు చూడండి, ముగిశాక కాదు. సాధారణంగా 180 లోపు ఉండాలంటారు, మీ వయసును, మిగతా జబ్బులను బట్టి డాక్టరు వేరే హద్దు పెట్టవచ్చు. ఒక జాగ్రత్త: ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ వాడుతుంటే, డాక్టరుకు చెప్పకుండా టిఫిన్ తగ్గించవద్దు. మందు మోతాదు పాత తిండికి సరిపోయేలా ఉంటుంది, తిండి తగ్గితే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, చూస్తే 70 లోపు ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. అందుకని ఇంట్లో పంచదార ఉండాల్సిందే.

ప్రశ్న: పొద్దున్నే టిఫిన్‌కు బదులు పెద్ద గ్లాసు బత్తాయి రసం తాగితే మంచిదేనా? – విద్యార్థిని, వరంగల్

జవాబు: కాదు. ఒక గ్లాసుకు మూడు నాలుగు బత్తాయిలు పిండుతారు. పీచు పిప్పిలో ఉండిపోతుంది, తీపి గ్లాసులోకి వస్తుంది. ఒక బత్తాయిని తొనలతో తినండి, తోడుగా రెండు ఇడ్లీలూ సాంబారూ.

ప్రశ్న: 'షుగర్ ఫ్రీ' బిస్కెట్లు, రస్కులు టీతో ఎన్ని తిన్నా పర్వాలేదా? – రాజమహేంద్రవరం

జవాబు: పర్వాలేదని కాదండీ. వంద గ్రాములకు అర గ్రాము లోపు చక్కెర ఉంటే 'షుగర్ ఫ్రీ' అని రాసుకోవచ్చు. మైదా, నూనె అలాగే ఉంటాయి, మైదా కూడా రక్తంలో గ్లూకోజుగానే చేరుతుంది. మామూలు రస్కులో అయితే మైదాకు తోడు చక్కెర కూడా. టీ పక్కన ఏదో ఒకటి ఉండాలనుకుంటే, గుప్పెడు వేయించిన శనగలో, వేరుశనగలో పెట్టుకోండి. టీలో చక్కెర వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ పోతే, నెల తిరిగేసరికి పాత తీపే మొహం మొత్తుతుంది.